మహిపాలన్న యారాలు

జూన్ 12

ఈ రోజు ఒక పని చేశాను. తప్పో ఒప్పో తెలియదు. ఇంట్లో ఎవరికి చెప్పినా సాయంత్రానికల్లా కొత్తవాడ అంతా తెలిసిపోతుంది కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మా ఆయన ఫోన్ తెరిచాను.

ఏప్రిల్‌లో హైదరాబాద్ దవాఖానకు బయలుదేరే ముందు ఆయనే దాన్ని బీరువాలో నా చీరల కింద పెట్టాడు. గొంతు ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక ఒక్కసారి కూడా అడగలేదు. మా దుకాణం జంపఖానాల కోసం పాత గిరాకులెవరైనా ఫోన్ చేస్తారేమోనని ఇవాళ తీసి చార్జింగ్ పెట్టాను. పెట్టిందే తడవు, ఆగకుండా మోగింది. అన్నీ ఒక్క గ్రూపువే. 'పాటల అడ్డ.' ఆయన పెట్టిన గ్రూపే. పాడేవాళ్ళు, డప్పు కొట్టేవాళ్ళు, యూట్యూబ్ చానెళ్ళు నడిపేవాళ్ళు, పెళ్ళిళ్ళకు సౌండ్ పెట్టేవాళ్ళు. పరకాల నుంచి ములుగు దాకా ఉన్నారు. వాళ్ళలో సగం మందిని ఆయన ముఖాముఖి చూడనే లేదు.

"అన్నా, యాడున్నవే?"

"మహిపాలన్న లేని అడ్డ ఉప్పులేని పప్పు లెక్కున్నది."

"ఎవలన్న ఏమన్నన్నరా? అన్న అలిగిండా?"

ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే ముందు ఆయన నాతో అన్న మాట, "ఎవ్వలకు చెప్పకు వినోదా." ఆ గొంతుతో అదే ఆఖరి మాట. తర్వాత ఆ గొంతే లేదు.

అందుకే నేనూ చెప్పలేదు. 'జర పానం బాగలేకుండె. ఇప్పుడు మంచిగనే ఉన్న' అని ఆయన పేరు మీదే పెట్టాను. దండాలు, పువ్వులు, డప్పు బొమ్మలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. నాకు ఏడుపు వచ్చింది. అంతమంది ఎదురుచూస్తుంటే ఈయన దుకాణం వెనక గదిలో గోడకు ముఖం పెట్టి కూర్చుంటాడు.

ఈ ఒక్కసారికే. ఆయన కోసమే.

జూన్ 15

మళ్ళీ పెట్టాను. ఎవరో పాట పంపి ఎట్లుందన్నా అని అడిగారు. జవాబివ్వకపోతే బాగుండదు కదా.

జూన్ 18

ఒక సంగతి కనిపెట్టాను. వచ్చిన, తిన్న, చూసిన, విన్న. ఆడది అన్నా మగవాడు అన్నా ఒకటే మాట. "నేను" అని మొదలుపెట్టి ఎంత రాసినా ఎవరు రాశారో బయటపడదు. మన భాష నా పక్షానే ఉంది.

వాయిస్ పెట్టమంటే మాత్రం ఫోన్ మైకు ఖరాబైందంటున్నాను. వరంగల్‌లో మైకు బాగుచేసేవాళ్ళే లేరా అన్నా అని ఒకాయన ఎగతాళి చేశాడు.

జూన్ 22

ఇవాళ గ్రూపులో పెద్ద లొల్లి. హారిక అని కొత్తగా పాడుతున్న పిల్ల ఒకతె ఉంది. ఏదో చానెల్ వాళ్ళు ఆమెను ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారట. పెడితే పాట మీద సర్వహక్కులూ వాళ్ళవే. రేపు పెళ్ళిలో పాడుకోవాలన్నా వాళ్ళనే అడగాలి. ఏం చేయాలన్నా అని అడిగింది.

వినయ్ అని హసన్‌పర్తి అతను వెంటనే అందుకున్నాడు. అతనిదీ చానెలే. 'ఫస్ట్ నలుగురికి తెల్వనీ చెల్లె. హక్కులు గిక్కులు తర్వాత సూస్కోవచ్చు' అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్లకు తెలియక అడుగుతుంటే ఇతను తనలాంటి వాళ్ళ బేరమే చూసుకుంటున్నాడు. ఆయన ఉంటే ఏమనేవాడో ఆలోచించలేదు. నాకు తోచింది రాసేశాను.

'మా దుకాన్ల జంపఖానా అమ్ముతం. మగ్గం అమ్మం. పాట ఇయ్యి గని పాడే హక్కు ఇయ్యకు. సంతకం పెట్టకు చెల్లె.'

తర్వాత చూడాలి! ఆ మాటను ఫొటో తీసి పక్క గ్రూపుల్లో కూడా పెట్టుకున్నారట. ఓడిపోయానన్నా అని వినయ్ కూడా దండం పెట్టాడు. హారిక అయితే, 'నాకు సొంత అన్న లేడు, ఇయ్యాల్టి నుంచి నువ్వే' అంది.

పెళ్ళయినప్పటి నుంచి దుకాణంలో కూర్చుంటున్నాను. నా మాటను ఎవరూ ఫొటో తీసుకోలేదు. పప్పులో రెండుసార్లు ఉప్పు వేశానని మా మరిది భార్య పద్మలత నవ్వింది. వేస్తే వేశాను.

జూన్ 27

ఆయన గురించి రాయాలి. గ్రూపు గురించే రాస్తున్నాను.

మెడ దగ్గర చిన్న రంధ్రం పెట్టారు. అక్కడి నుంచే ఊపిరి. దాని మీద తెల్లబట్ట కట్టుకుంటాడు. మరిది పలక, బలపం తెచ్చిచ్చాడు. దాని మీద 'నీళ్లు', 'వద్దు', 'చాలు' తప్ప ఇంకో మాట రాయడు. గిరాకులు వస్తే వెనక గదిలోకి పోతాడు. పైన ఆయన స్టూడియో ఉంది. శబ్దం బయటికి పోకుండా నాలుగు గోడలకూ మా జంపఖానాలే వేలాడదీసుకున్న గది. దాని తాళంచెవి ఎక్కడుందో కూడా ఇప్పుడు అడగడు. మొన్న పాట పెట్టనా అని అడిగాను. అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

ఆయనకు బువ్వ పెట్టగలను, మందు పెట్టగలను. మళ్ళీ నలుగురిలోకి ఎలా తీసుకురావాలో తెలియడం లేదు. కనీసం ఆయన తిరిగి వచ్చేదాకా ఆయన కుర్చీలో ఇంకెవరూ కూర్చోకుండా చూస్తున్నాను. అంతే నేను చేస్తున్నది.

జూలై 6

కొంప మునిగింది.

పద్మలత పుట్టింటికి పోయింది. పొద్దటి నుంచి ఇల్లూ దుకాణం నా నెత్తిమీదే. గ్రూపులో వినయ్ 'అన్నా, ఇయ్యాల జాడే లేదు' అంటే గబగబా కొట్టాను.

'మా యారాలు తల్లిగారింటికి పోయింది. పనంత నా మీదనే పడ్డది.'

పంపాక చదివాను. అన్నదమ్ములను చేసుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికొకరు యారాళ్ళు. మగవాడికి మరదలు ఉంటుంది, వదిన ఉంటుంది, యారాలు ఎక్కడి నుంచి వస్తుంది? వెంటనే తీసేశాను. ఏమో పెట్టి తీసేసినవ్ అన్నా అని వినయ్ అడిగాడు. ఏంలేదు, చెయ్యి తాకింది అన్నాను.

బతికిపోయాననుకున్నాను. సాయంత్రం చీపురు పట్టుకునేసరికి మల్లక్క నుంచి విడిగా వాయిస్ వచ్చింది. నేను తీసేసేలోపే చదివేసినట్టుంది. గ్రూపులో పాడే పరకాల వైపు ఆమె. పెద్దమనిషి. టైపు చేయడం రాదు కాబట్టి ఏదైనా నోటితోనే పంపుతుంది.

"ఏం మహిపాలూ, నీకు యారాలెట్లొచ్చిందిరా? నువ్వెప్పుడు కోడలువైనవ్?"

పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక ఇంకొకటి పంపింది. గొంతు మారింది.

"బిడ్డా, నువ్వు వినోదవు గదా. పోరడు యాడ? మంచిగున్నడా?"

జూలై 7

మల్లక్కకు నా ఫోన్ నుంచి చేశాను. అంతా చెప్పేశాను. చెప్తుంటే ఆమె "అయ్యో, అయ్యో" అంటూనే ఉంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాను.

"నేనేం చెప్ప తియ్యి. గని ఆనికి చెప్పినవా, ఆని పేరు మీద నువ్వు మాట్లాడుతానవని?"

"లేదక్కా."

"గొంతు వోయింది, మనిషి వోలేడు గదనే. ఆనికి చెప్పు."

"బాధపడ్తడక్కా."

"ఎవలు బాధపడ్తరు? ఆడా, నువ్వా?"

నాకేం బాధ? ఆమె మాట నాకు అర్థం కాలేదు. రేపు చెప్తాను.

జూలై 8

చెప్పలేదు. దుకాణంలో గిరాకీ.

జూలై 11

చెప్పలేదు. ఆయనకు కొంచెం దగ్గుగా ఉంది.

జూలై 20

పొలాల్లో నాట్లు మొదలయ్యాయి. హారిక తన నాయనమ్మ దగ్గర నేర్చుకున్న నాట్ల పాట ఒకటి పంపింది. సంతకం పెట్టకుండా, వినయ్ చానెల్‌లోనే, హక్కు తన దగ్గరే ఉంచుకుని వేస్తారట. ఆ బేరం కుదిర్చింది నేనే. రాయకుండా ఉండలేకపోతున్నాను, నేనే.

'వంగి నాటు పెట్టవే చెల్లె' అని ఒక వరుస పాడుతుంది. తర్వాత ఊరుకుంటుంది. మళ్ళీ 'ఒడ్డు దాక పోదామే చెల్లె' అంటుంది. మళ్ళీ ఊరుకుంటుంది. పాట తియ్యగానే ఉంది కానీ ప్రతి వరుస తర్వాతా ఆ ఖాళీ ఏమిటో నాకు అర్థం కాలేదు. ఎట్లున్నదన్నా అని అడిగింది.

ఇన్ని రోజులుగా బేరం సంగతులే చెప్పాను. పాట సంగతి అడిగితే ఏదో ఒకటి దాటవేసేదాన్ని. ఇవాళ ధైర్యం వచ్చింది. గిరాకీ కళ్ళు పక్కకు తిప్పుకోకముందే ఇంకో జంపఖానా విప్పి పరవాలి. అది నాకు తెలుసు కదా.

'నడుమ సందులు ఎక్కువున్నయి. ఫోన్ చేతుల వట్టుకున్నోడు ఆగడు. సందులు తీసేసి వరుసలు కలిపెయ్యి' అని రాశాను.

సూపర్ పాయింటన్నా అని వినయ్ అన్నాడు. హారిక అట్లనే అన్నా అంది. మల్లక్క మాత్రం ఏమీ అనలేదు. బహుశా వినలేదేమో.

జూలై 29

ఆయన ఇవాళ నా వైపు చూసి, పలక మీద 'సంతోషంగున్నవ్' అని రాశాడు. ఇన్ని నెలల్లో ఆయన రాసిన పెద్ద మాట అదే. నేనేం లేదన్నాను. ఎందుకలా అన్నానో. ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది.

ఆయన కోసమే ఇదంతా.

ఆగస్టు 3

ఇది రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం హారిక రికార్డు చేసిన పాట పంపింది. వచ్చే ఆదివారం విడుదల చేస్తారట. వంటింట్లో పొయ్యి పక్కన ఫోన్ పెట్టి విన్నాను. ఒక్క సందు లేదు. వరుస మీద వరుస, బండి పరుగెత్తినట్టే. నాకు బాగానే అనిపించింది.

వెనక గది నుంచి ఆయన వచ్చాడు. పాట వినిపిస్తే లేచి వెళ్ళిపోయే మనిషి, పాట దగ్గరికి వచ్చాడు. గుమ్మం మీద అరచేత్తో దబదబా కొట్టాడు. ఆపమని సైగ. ఆపాను. రెండు చేతులతో చప్పట్లు మొదలుపెట్టాడు. నాలుగు కొట్టి ఆగాడు. ఆగి నడుం వంచి, బొటనవేలితో నేలలోకి ఏదో గుచ్చినట్టు చూపించాడు. మళ్ళీ నాలుగు. మళ్ళీ వంగి గుచ్చడం.

అప్పుడు అర్థమైంది. అది నారు. వరుస పాడి, వంగి, నారు బురదలో నాటి, ఊపిరి పీల్చుకుని రెండో వరుస అందుకోవాలి. నాటు పెట్టే చెయ్యి ఆ సందులోనే ఉంది. నేను పోయి దాన్నే తీయించాను.

ఆయన పలక తీసుకున్నాడు. బలపం విరిగింది. విరిగిన ముక్కతోనే రాశాడు.

'సందు తియ్యమని ఎవడు చెప్పిండు?'

అబద్ధం ఆడడానికి నోరు రాలేదు. నిజమూ రాలేదు. రెంటికీ మధ్య ఏదో వచ్చింది.

"నువ్వే" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. ఫోన్ చేతికిచ్చాను. నిలబడే చదివాడు. వేలితో పైకి జరుపుతూ, ఇంకా పైకి జరుపుతూ. పాడేటప్పుడు ఎలా ఎర్రబడేదో అలాగే ముఖం ఎర్రబడింది. మెడ దగ్గర తెల్లబట్ట పైకీ కిందికీ కొట్టుకుంది. అరవాలనుకున్నాడు. అరవడానికి ఏముంది? ఆయన నోరు తెరిచి మూసిన తీరు నేను చచ్చేదాకా మరిచిపోను.

పలక తుడిచి రాశాడు.

'నేను సచ్చిన్నా?'

"నువ్వే చెప్పొద్దంటివి గదా, ఎవ్వలకు చెప్పొద్దంటివి" అని ఏడ్చాను. నిజమే, చెప్పొద్దన్నాడు. తన పేరు మీద మాట్లాడమని అనలేదు. ఫోన్ తీసుకుని మెట్లెక్కి పైకి పోయాడు. స్టూడియో తాళంచెవి ఆయన దగ్గరే ఉందన్న సంగతి అప్పుడు తెలిసింది.

ఆగస్టు 4

అన్నం పైకే పంపాను. పళ్ళెం ఖాళీగా తిరిగి వచ్చింది. మనిషి రాలేదు.

ఆగస్టు 5

మల్లక్క అడిగింది దీని గురించే. ఎవరు బాధపడతారు, వాడా నువ్వా అని.

నేనే. పొద్దున లేవగానే చెయ్యి ఫోన్ కోసం పోతోంది. హారిక ఏమందో, వినయ్ ఎవరితో కొట్లాడుతున్నాడో, ఆ సౌండ్ పెట్టేవాళ్ళు కొత్త డబ్బాలు కొన్నారో లేదో. ఇవేవీ నావి కావు. ఆయన కుర్చీ కాపలా కాస్తున్నానని రాశాను కదా. కాపలా కాసేవాళ్ళు కుర్చీలో కూర్చోరు. నేను కూర్చున్నాను, బాగుండి కూర్చున్నాను. మన్నించమని అడగాలి. పైకి పోవడానికి కాళ్ళు రావడం లేదు.

ఆగస్టు 7

పద్మలత బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి పోయి, పరుగెత్తుకుంటూ కిందికి వచ్చింది.

"అక్కా, బావ నవ్వుతాండే! ఫోన్ సూస్కుంట ఒక్కడే నవ్వుతాండు!"

నేను మెట్ల మీదికి పోయి తలుపు సందులోంచి చూశాను. ఆయన నవ్వితే ఇప్పుడు శబ్దం రాదు. భుజాలు కదులుతాయి, మెడ దగ్గర గాలి బుసబుసమంటుంది. ఏం చదివి నవ్వుతున్నాడో తెలియదు. కాసేపటికి నవ్వు ఆగింది. చేతులతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను చప్పుడు చేయకుండా దిగివచ్చాను.

ఆగస్టు 9

రేపు ఆదివారం. పాట విడుదల.

పొద్దున దుకాణం తెరిచి జంపఖానాలు దులుపుతున్నాను. పై నుంచి చప్పట్లు వినిపించాయి. తలుపు వేసినట్టు లేడు. నాలుగు కొట్టి ఆగడం, నాలుగు కొట్టి ఆగడం. ఆగిన చోటల్లా చెక్క మీద బొటనవేలితో మెల్లగా ఒకటి. ఎన్నిసార్లు కొట్టాడో, నచ్చక మళ్ళీ మళ్ళీ మొదటికి వచ్చాడు. పాత మహిపాలే. ఒక పాటకు పూటంతా పట్టించే మనిషే.

గిరాకీ ఒకామె వచ్చి, "పైన ఏం లొల్లమ్మా?" అంది.

"మా ఆయన పాడుతాండు" అన్నాను. అనుకోకుండా వచ్చింది ఆ మాట.

కాసేపటికి నా ఫోన్ మోగింది. ఆయనది కాదు, నాది. చూస్తే,

'మహిపాల్ మిమ్మల్ని పాటల అడ్డ గ్రూపులో చేర్చారు.'

నేను అక్కడే, జంపఖానాల కుప్ప మీదే కూలబడ్డాను. నేను చేరకముందు ఏం పెట్టాడో నాకు కనిపించదు కదా. అది మల్లక్క తర్వాత నాకు పంపింది. మొదట చప్పట్ల రికార్డు పెట్టాడట. దాని కింద, 'గొంతు ఆపరేషన్ల పోయింది. చెవులు ఉన్నయి. హారికా, సందు తియ్యకు. అండ్ల నాటు పెట్టాలె' అని రాశాడట.

నాకు కనిపించిన మొదటి మాట ఇది.

'ఇన్నొద్దులు నా పేరు మీద మాట్లాడింది ఈమె. నా ఇంటామె, వినోద. బేరం సంగతి ఈమెనడుగుండ్రి. పాట సంగతి నన్నడుగుండ్రి, ఈమెను మాత్రం అడుగకుండ్రి. ఆ యారాలు గూడ ఈమెదే. నాకు లేదు.'

మొన్న పైన ఆయన నవ్వింది మల్లక్క పంపిన ఆ యారాలు వాయిస్ వినే కాబోలు. ఎవరికి కోపం వచ్చిందో, ఎవరు గ్రూపు వదిలిపోతారో అని ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను. మొదట మల్లక్క వాయిస్ వచ్చింది. తిట్టు కాదు, మాట కాదు, పాట. ఆయన చప్పట్లు పక్కనే పెట్టుకుని పాడినట్టుంది. 'వంగి నాటు పెట్టవే చెల్లె' అని, సందు దగ్గర ఆగి, మళ్ళీ అందుకుంది. వినయ్ 'రేపు వద్దు. మల్ల రికార్డు చేద్దాం' అన్నాడు. 'అన్నా, చెప్తే మేం రాకపోదుమా' అని కూడా అన్నాడు.

పద్మలత నా భుజం మీది నుంచి తొంగిచూసి, "అక్కా, నా గురించి గ్రూపుల ఏం పెట్టినవే?" అని గుంజుకోబోయింది. ఫోన్ దాచుకున్నాను.

మెట్ల మీద అడుగులు. ఆయన దుకాణంలోకి వచ్చాడు. వెనక గదిలోకి పోలేదు. గిరాకీ ఇంకా అక్కడే ఉంది. ఆమె ఎదుటే కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంకా ఏం చూస్తున్నావన్నట్టు నా ఫోన్ వైపు గడ్డం ఎగరేశాడు.

హారిక అడిగింది.

'అక్కా, నన్ను సంతకం పెట్టొద్దన్నది నువ్వేనా?'

ఇన్నాళ్ళూ ఆయన పేరు మీద పేజీలకు పేజీలు కొట్టిన వేళ్ళు ఇవి. నా పేరు మీద ఒక్క మాట రాయడానికి ఎంత సేపు పట్టిందో. రాసి తుడిచాను. మళ్ళీ రాసి తుడిచాను. ఆయన చూస్తున్నాడు.

'నేనే' అని పెట్టాను.